జంప్‌కీ జంప్‌కీ మధ్య

(అమలాపురంలో పద్యనాటక పోటీల చివరి రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. వక్త ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారు. నాటక పరిషత్తుల్లో చాలాకాలం న్యాయనిర్ణేతగా కూర్చున్నారు.)

అందరికీ నమస్కారం అండి. కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. న్యాయనిర్ణేతల కుర్చీలని ఎవరూ కూర్చోవట్లేదు. ఫర్వాలేదు, ఇప్పుడు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.

నాటకంలో కళ ఎంత, నైపుణ్యం ఎంత అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఫిగర్ స్కేటింగ్ గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు ఫోన్లో కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాస్టారూ, మన కోనసీమలో ఐసు ఎక్కడుందండీ?" అన్నారు. ఎందుకు లేదండీ? ఐసు ఫ్యాక్టరీల్లో ఉంది, రొయ్యల లారీల్లో ఉంది. దాని మీద ఎవరూ గంతులెయ్యరు, అంతే.

ఎందుకు స్కేటింగ్ అంటారా? ఈ మూడు రోజుల్నుంచీ హాలు బయట టీ కొట్టు దగ్గర మీరు మాట్లాడుకుంటున్నదే. "ఏం గొంతండీ అతనిది! కానీ పాత్ర ఎక్కడుంది?" అని ఒకరు. "పాత్ర సంగతి తర్వాత, ముందు పద్యం శ్రుతిలో ఉండాలి కదా" అని ఇంకొకరు. సరిగ్గా ఇదే గొడవ ఐసు మీద నూరేళ్ళకి పైగా నడుస్తోంది. మనం గొడవపడతాం, ఇంటికెళ్ళి పడుకుంటాం, మర్చిపోతాం. వాళ్ళు ప్రతి గొడవకీ ఒక రూలు రాసుకున్నారు. కళకి ఎన్ని, నైపుణ్యానికి ఎన్ని అని దశాంశం తర్వాత రెండో అంకె దాకా లెక్కగట్టారు. మార్కుల షీటు చేతిలో పెట్టుకుని కూర్చునే నాలాంటివాడికి అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఏముంటుంది? అందుకని.

ముందు ఆట ఏంటో చెప్తాను, తెలిసినవాళ్ళు ఏమీ అనుకోకండి. 60 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు ఐసు. ఒక్కళ్ళే ఆడేదాన్ని సింగిల్స్ అంటారు. అందులో రెండు భాగాలు. చిన్నది రెండు నిమిషాల నలభై సెకన్లు, పెద్దది నాలుగు నిమిషాలు. ఆ పెద్దదాన్ని ఫ్రీ స్కేట్ అంటారు. సంగీతం పెడతారు. ఆ నాలుగు నిమిషాల్లో ఏడుసార్లు జంప్ చెయ్యొచ్చు, మూడు స్పిన్నులు, ఒక చోట అడుగుల విన్యాసం. జంపులో గాల్లో ఎన్ని చుట్లు తిరిగారన్నది లెక్క. మూడు చుట్లయితే ట్రిపుల్, నాలుగయితే క్వాడ్. ఇక మార్కులు రెండు రకాలు. చేసిన పనులకి ఒకటి, చేసిన తీరుకి ఒకటి. అంతేనండి ఆట. మిగతాదంతా గొడవే.

కాళ్ళకి కట్టుకునే బ్లేడు సంగతి ఒక్కటి దగ్గర్నుంచి చూడాలి. మందం సుమారు నాలుగు మిల్లీమీటర్లు. అడుగు భాగం చదునుగా ఉండదు, మధ్యలో పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. అంటే ఆ నాలుగు మిల్లీమీటర్లకీ రెండు అంచులు, లోపలి అంచు, బయటి అంచు. మనిషి ఎటు ఒరిగితే ఆ అంచు ఐసులో దిగుతుంది, ఆ వైపుకి వంపు తిరుగుతూ పోతాడు. ఎంత ఒరిగితే అంత వంపు. మంచి స్కేటరు కాలితో పదే పదే తొయ్యడు. ఒరిగి లేస్తాడు, ఒరిగి లేస్తాడు, అలాగే వేగం పెరిగిపోతుంది. చూసేవాళ్ళకి ఇతను ఏమీ చెయ్యట్లేదే, ఎలా పోతున్నాడు అనిపిస్తుంది. మరి ఇది కళా, నైపుణ్యమా? పట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మొదట్లో ఇంగ్లండులో స్కేటింగ్ అంటే నిటారుగా, చేతులు కదపకుండా, పెద్దమనిషి తరహాగా గీతలు గియ్యడం. 1860ల్లో జాక్సన్ హేన్స్ అని అమెరికా వాడొకడు వచ్చాడు. బ్యాలే తెలిసినవాడు. సంగీతం పెట్టుకుని ఐసు మీద నాట్యం చేశాడు. సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వియన్నా వెళితే నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ ఊరంతా వాల్ట్జ్ మోతే కదా. అంటే చూడండి, ఆట పుట్టుకలోనే రెండు పాయలు. గీతలు గీసేవాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు.

అంతర్జాతీయ సంఘం 1892లో పెట్టారు. పోటీలు మొదలయ్యాక గీతలవాళ్ళదే పైచెయ్యి. కంపల్సరీ ఫిగర్స్ అనేవాళ్ళు. ఐసు మీద ఎనిమిది అంకె లాంటి ఆకారాలు గియ్యాలి, గీసిన గీత మీదే మళ్ళీ గియ్యాలి. గీత ఎంత తప్పిందో చూడ్డానికి జడ్జీలు ఐసు మీదకి దిగి, వంగి, కొందరు మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాళ్ళు. సంగీతం లేదు, చప్పట్లు లేవు. చూడ్డానికి మనుషులుండేవాళ్ళు కాదు. మార్కులు మాత్రం, 1960ల చివరి దాకా, మొత్తంలో నూటికి అరవై వాటికే!

దీని ఫలితం 1972లో బయటపడింది. జపాన్‌లో సపోరో ఒలింపిక్స్. ఆస్ట్రియా అమ్మాయి ట్రిక్సీ షూబా. గీతలు గియ్యడంలో ఆమెకి సాటి లేరు. ఆ గీతలతోనే ఎంత ముందుకి వెళ్ళిపోయిందంటే, ఫ్రీ స్కేట్‌లో ఏడో స్థానంలో ఉండి కూడా బంగారు పతకం తీసుకుంది. ఫ్రీ స్కేట్‌లో మొదటి స్థానం ఎవరిదీ? అమెరికా అమ్మాయి జానెట్ లిన్‌ది. ఆమె ఒక స్పిన్‌లో కూలబడింది. కూలబడి, నవ్వుకుంటూ లేచి కొనసాగించింది. జపాన్ వాళ్ళు ఆ నవ్వుకి పడిపోయారు. ఆమెకి దక్కింది కంచు. టీవీలో చూసేవాళ్ళకి బుర్ర తిరిగింది. ఎందుకంటే గీతల భాగం టీవీలో రాదు! వాళ్ళు చూసిందాంట్లో ఏడోది వచ్చినామెకి బంగారం ఎలా వచ్చిందో వాళ్ళకెలా తెలుస్తుంది? అప్పటికే గీతల వాటా తగ్గించే పని మొదలైంది, మరుసటి ఏడాదికి చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. 1990 తర్వాత గీతలు పూర్తిగా పోయాయి.

పోతే పోయాయి అనుకుంటున్నారు కదూ? నేనూ అదే అంటానేమో అనుకుంటున్నారు. కాదండి. గీతలు పోవడంతో అంచుల మీద గంటలకొద్దీ చేసే సాధన కూడా పోయిందని పాత కోచులు ఇప్పటికీ బాధపడతారు. వాళ్ళ బాధలో నిజం ఉంది. పోటీకి పనికిరాని సాధన సాధనకి పనికొస్తుంది. సరళీవరసలకి కచేరీలో మార్కులెయ్యం. అలాగని నేర్పడం మానేస్తామా?

ఆరు మార్కుల కాలం

అప్పట్లో మార్కులు ఆరుకి. జడ్జీలు తలా రెండు మార్కులు వేసేవాళ్ళు, సాంకేతికానికి ఒకటి, కళకి ఒకటి. ఆ రోజుల్లో ఇద్దరు ముగ్గురి గురించి చెప్పాలి.

జాన్ కర్రీ, ఇంగ్లండు వాడు. చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు. మగపిల్లాడికి డాన్సేంటి అని. స్కేటింగ్ ఆట కాబట్టి సరేనన్నాడు. మన ఊళ్ళల్లో ఇలాంటి నాన్నల్ని మీరూ ఎరుగుదురు, పేర్లొద్దు. కుర్రాడు ఐసు మీదే బ్యాలే చేశాడు. 1976 ఇన్స్‌బ్రుక్‌లో ఒలింపిక్ బంగారం. అందరూ ఇంతవరకే చెప్తారు. కానీ అంతకుముందు ఈయన అమెరికా వెళ్ళి, కార్లో ఫాసీ అనే కోచ్ దగ్గర చేరి, గీతలూ జంపులూ బాగుచేసుకున్నాడు. కళాకారుడని పేరుపడ్డ మనిషి, కళ కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. జంపు కోసం సముద్రం దాటాడు.

తర్వాత టోర్విల్, డీన్. ఇది జంటగా ఆడే ఐస్ డాన్స్. నాటింగ్‌హామ్ వాళ్ళు. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, ఆయన పోలీసు కానిస్టేబులు. 1984 సరయెవో ఒలింపిక్స్, రావెల్ కట్టిన బొలేరో. ఆ సంగీతం మొదట్నుంచీ చివరిదాకా ఒకే దరువు, మెల్లగా పెరుగుతూ పోతుంది. దాన్ని ఎంత కుదించినా నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల కంటే తగ్గట్లేదు. రూలు ప్రకారం నాలుగు నిమిషాల పది సెకన్లు దాటకూడదు. ఏం చెయ్యాలి? పద్దెనిమిది సెకన్లు ఎక్కువ. రూల్సు చదివారు. గడియారం ఎప్పుడు మొదలవుతుంది? బ్లేడు ఐసుకి తగిలి స్కేటింగ్ మొదలైనప్పుడు. అంతే. ఇద్దరూ ఐసు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. పాట మొదలైంది, గడియారం మొదలవ్వలేదు. మోకాళ్ళ మీదే ఒకరి వైపు ఒకరు ఊగుతూ పద్దెనిమిది సెకన్లు గడిపి, అప్పుడు లేచారు. కళ అంటే తొమ్మిది మంది జడ్జీలకి తొమ్మిది మందీ ఆరుకి ఆరు వేశారు.

నాకు ఇందులో నచ్చేదేంటంటే, ఇవాళ అందరూ ఆ ప్రోగ్రామ్‌లో కవిత్వం అని చెప్పుకునే చోటు, ఆ మోకాళ్ళ మీద ఊగడం, రూలులో సందు వెతికితే దొరికింది. మీ దర్శకులు ఎవరైనా టైము మించిపోతోందని ఏడుస్తుంటే ఈ కథ చెప్పండి.

ఇక్కడిదాకా బావుంది. ఇప్పుడు బాగోలేని వైపు. కళ అని ఒక గడి పెట్టి అందులో అంకె వెయ్యమంటే, ఆ గడిలోకి ఏమేం వచ్చి చేరతాయి? నేను చాలా షీట్లు నింపాను కాబట్టి చెప్తున్నాను. చాలా చేరతాయండి. ఒక పరిషత్తులో, ఏ పరిషత్తని అడక్కండి, పక్కన కూర్చున్న జడ్జి గారు ఒకమ్మాయికి ఆంగికంలో తక్కువ వేశారు. ఎందుకండీ అంటే, "సీతలాగా లేదండీ" అన్నారు. ఆవిడ చూశారా సీతని?

స్కేటింగ్‌లోనూ అదే. జపాన్ నుంచి మిడోరి ఇటో. పొట్టిగా, గట్టిగా ఉండే అమ్మాయి. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో ఏడు ట్రిపుల్ జంపులు చేసింది. జనం ఊగిపోయారు. వచ్చింది అయిదో స్థానం. గీతల్లో పదోది కావడం ఒక కారణం. అది ఒప్పుకోవాలి. కానీ ఆడవాళ్ళ స్కేటింగ్ అంటే పొడుగ్గా, సుతారంగా ఉండాలనే మాట ఆ రోజుల్లో గాలిలోనే ఉండేది. 1992లో ఒలింపిక్స్‌లో ట్రిపుల్ ఆక్సెల్, అంటే మూడున్నర చుట్ల జంపు, చేసిన మొదటి మహిళ ఆమే.

ఫ్రాన్స్ నుంచి సూర్యా బొనాలీ. పేరు మనవాళ్ళ పేరులాగే ఉంది, కదా? నల్లజాతి అమ్మాయి, చిన్నప్పుడు జిమ్నాస్టిక్స్ చేసింది. బలం, ఎత్తు, తెగువ. కళ మార్కుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువ. 1994 ప్రపంచ పోటీల్లో తొమ్మిది మంది జడ్జీలు అయిదు నాలుగుగా చీలారు, జపాన్ అమ్మాయి యుకా సాతోకి బంగారం. బొనాలీ తన పతకం మెడలో వేస్తే తీసేసింది. 1998 నగానోలో కాలి గాయంతో ఉంది, పతకం రాదని తెలిసిపోయింది. ఏం చేసిందో తెలుసా? వెనక్కి పల్టీ కొట్టి ఒంటికాలి మీద దిగింది. పల్టీని 1976 ఒలింపిక్స్ తర్వాత నిషేధించారు. మార్కులు కోస్తారని తెలిసే కొట్టింది. పదో స్థానం వచ్చింది. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు కుర్రాళ్ళు ఆ పల్టీ కొడితే జనం లేచి నిలబడుతున్నారు. అదే పల్టీ అండి.

లెక్కలు మారాక

2002లో సాల్ట్ లేక్ సిటీలో పెద్ద రచ్చ జరిగింది. జంటల పోటీలో రష్యా జంటకి బంగారం ఇచ్చారు, ఫ్రెంచి జడ్జి మీద ఒత్తిడి వచ్చిందని గొడవ లేచింది, చివరికి కెనడా జంటకి కూడా బంగారం ఇచ్చారు. రెండు బంగారాలు! ఇక ఆరు మార్కుల పద్ధతి మీద నమ్మకం పోయింది. 2004లో కొత్త పద్ధతి వచ్చింది, 2006 టొరినో ఒలింపిక్స్ దాంతోనే జరిగాయి.

కొత్త పద్ధతిలో ప్రతి జంపుకీ ఒక ధర కట్టారు. టో, లట్జ్ అనేవి జంపుల్లో రకాలు. ట్రిపుల్ టో అంటే 4.2. క్వాడ్ టో 9.5. క్వాడ్ లట్జ్ 11.5. ఆ ధర మీద, చేసిన తీరుని బట్టి తొమ్మిది మంది జడ్జీలు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా వేస్తారు, ఒక్కో అంకె ధరలో పదోవంతు. కళ వైపు మొదట అయిదు అంశాలు ఉండేవి, 2022లో మూడు చేశారు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. విన్నారా, కళ గడిలో మూడోది నైపుణ్యం! ఇందాక బ్లేడు అంచు గురించి అడిగి వదిలేశాను చూడండి. వాళ్ళకీ తేలలేదు. ఒరిగి లేచే ఆ నడకని తీసుకొచ్చి కళ వైపే పెట్టారు. సరిగ్గానే పెట్టారని నా ఉద్దేశం.

ఇప్పుడు చిన్న లెక్క. రిటైరయినా పాత అలవాటు పోదు, భరించండి. ఒక కుర్రాడు క్వాడ్ టో చేశాడు. నాలుగు చుట్లూ పూర్తిగా తిరిగాడు, దిగేటప్పుడు కూలబడ్డాడు. 9.5లో జడ్జీలు మైనస్ అయిదు వేస్తే సగం పోయి 4.75. పడినందుకు ఇంకొకటి కోస్తారు, 3.75. ఇంకో కుర్రాడు ట్రిపుల్ టో శుభ్రంగా చేశాడు, 4.2. తేడా ఎంత? అర మార్కు లేదు! అదే క్వాడ్ లట్జ్ చేసి పడితే 4.75, శుభ్రమైన ట్రిపుల్ టో కంటే ఎక్కువ. మీరు కోచ్ అయితే పిల్లాడికి ఏం చెప్తారు? నేనయితే పడినా ఫర్వాలేదు, ఎగరమనే చెప్తాను. మనుషులు రూలు ఎటు లాగితే అటే పోతారు, తప్పు పట్టలేం.

ఎగరడం అంటే తేలికనుకోకండి. క్వాడ్ చేసేవాడు గాల్లో ఉండేది సుమారు ముప్పావు సెకను లోపే. 0.7 సెకను అనుకోండి. అంతసేపు గాల్లో ఉండాలంటే అరవై సెంటీమీటర్లు లేవాలి. అందులో నాలుగు చుట్లు, అంటే సెకనుకి అయిదు చుట్లకి పైమాటే. ఐసు వదిలాక భ్రమణం కొత్తగా తెచ్చుకోలేరు, అది నేల మీద సంపాదించుకున్నదే. గాల్లో చెయ్యగలిగింది ఒక్కటే, చేతులు గుండెకి హత్తుకోవడం. ఆక్సెల్ అయితే మరీను, ముందుకి చూస్తూ ఎగిరి వెనక్కి చూస్తూ దిగుతారు కాబట్టి అర చుట్టు అదనం. ఆ క్వాడ్ ఆక్సెల్, నాలుగున్నర చుట్లు, పోటీలో మొదటిసారి సరిగ్గా చేసింది అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్, 2022లో.

మరి దానికి కావలసిన ఊపు ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడుంది అసలు కిటుకు. ముందు వేగం కావాలి, తిన్నటి దారి కావాలి, శరీరం బిగించుకోవాలి, భుజం ఏ కోణంలో ఉందో చూసుకోవాలి. కొందరు దానికి నాలుగయిదు సెకన్లు తీసుకుంటారు, కొందరు ఇంకా ఎక్కువ. ఆ సెకన్లలో పాట నడుస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం పాటలో ఉండడు. మొహం చూడండి ఎప్పుడైనా, పరీక్షహాల్లో పిల్లాడి మొహమే. అలాంటివి ఏడు. నాలుగు నిమిషాల్లోంచి ఏడుసార్లు మనిషి బయటికెళ్ళి వస్తాడు.

మన స్టేజీ మీద దీన్ని మీరు చూడలేదా? కాటిసీను. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడు. కింద కొడుకు శవం. పద్యం అయిపోయింది, చివరి అక్షరం మీద రాగం మొదలైంది. హార్మోనియం ఆయన కూడా సాగుతున్నాడు, హాల్లో వన్స్ మోర్లు. రాగం పైస్థాయికి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, ఆయన చెయ్యి చెవి దగ్గర, కళ్ళు పైన. ఆ గొంతు మామూలు గొంతు కాదండి, నేనూ చప్పట్లు కొట్టాను. ఇంతలో శవంగా పడుకున్న పిల్లాణ్ణి దోమ కుట్టింది. వాడు గోక్కున్నాడు. ఎవరూ చూడలేదు, నవ్వనూ లేదు. ఎందుకంటే అప్పటికి ఆ హాల్లో కాడూ లేదు, కొడుకూ లేడు, రాగం ఒక్కటే ఉంది.

అలాగని రాగం వద్దంటానా? వద్దంటే ఈ హాల్లోంచి నన్ను బయటికి పంపిస్తారు. మంచి నటుడు ఏం చేస్తాడు? రాగం తీస్తూనే వంగి పిల్లాడి నుదురు తడుముతాడు. అదే ఊపిరి, అదే రాగం. స్కేటింగ్‌లో కూడా గొప్పవాళ్ళు చేసేది అదే. ఇప్పటి రూళ్ళలో జంపుకి ప్లస్ మార్కులు వెయ్యడానికి ఆరు గుర్తులు రాశారు. ఎత్తు, దూరం ఒకటి. ఎగరడం దిగడం బావుండటం ఒకటి. అలవోకగా చెయ్యడం ఒకటి. జంపుకి ముందు అడుగులు, ఊహించని ప్రవేశం ఒకటి. గాల్లో శరీరం తీరు ఒకటి. ఆఖరున, సంగీతానికి కలవడం. ఆరోది! పైగా ప్లస్ నాలుగు, అయిదు వెయ్యాలంటే మొదటి మూడూ తప్పనిసరి, చివరి మూడూ తప్పనిసరి కాదు. రాసినవాళ్ళ మనసు ఆ వరసలోనే తెలిసిపోవట్లేదూ?

జపాన్ వాడు యుజురు హన్యూ, 2014లోనూ 2018లోనూ ఒలింపిక్ బంగారం. ఆయన జంపులకి ముందు చూడండి, ఖాళీ ఉండదు. కాలు మార్చి, తిరిగి, ఇంకోవైపు తిరిగి, అదే ఊపులో పైకి లేస్తాడు. దిగిన కాలుతోనే తర్వాతి అడుగు. కష్టం రెట్టింపు, చూడ్డానికి సగం. అలాంటప్పుడు మార్కుల షీటులో రెండు వైపులా పడతాయి, ఏ వైపుదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను కళ గొప్పదా, నైపుణ్యం గొప్పదా అని అడగడం మానేశాను. జంప్‌కీ జంప్‌కీ మధ్య ఈ మనిషి ఎక్కడున్నాడు? అది అడుగుతాను.

గొడవ తీరిందా? ఎక్కడ తీరుతుంది! 2010 వాంకూవర్‌లో అమెరికా వాడు ఎవాన్ లైసాచెక్ ఒక్క క్వాడ్ లేకుండా గెలిచాడు, 257.67. క్వాడ్ చేసిన రష్యా వాడు ప్లుషెంకోకి 256.36. క్వాడ్ లేని ఒలింపిక్ చాంపియనేంటని ప్లుషెంకో బాహాటంగానే అన్నాడు. తర్వాత క్వాడ్ల ధర పెంచారు, ఇక చూస్కోండి, అందరూ గాల్లోనే. జంపులు ఎక్కువయిపోతున్నాయని 2018లో మగవాళ్ళ ఫ్రీ స్కేట్‌లో ఎనిమిది నుంచి ఏడుకి తగ్గించారు. ఒకవైపు పెంచడం, ఒకవైపు తగ్గించడం. మన ధవళేశ్వరంలో గేట్లు ఎత్తి దించినట్టే ఉంది అని మా ఆవిడ అంది. నేను అనలేదు.

2022 బీజింగ్. ఆడవాళ్ళ పోటీలో రష్యా అమ్మాయి త్రుసోవా ఫ్రీ స్కేట్‌లో అయిదు క్వాడ్లు చేసింది. ఆడవాళ్ళెవరూ అంతకుముందు ఒలింపిక్స్‌లో చెయ్యలేదు. వెండి వచ్చింది, ఏడ్చేసింది. బంగారం అదే దేశపు షెర్బకోవాకి, రెండే క్వాడ్లతో. కంచు ఎవరికి? జపాన్ అమ్మాయి కవోరి సకమోటోకి. క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ కూడా లేదు. ఆమెది వేగం, అంచు మీద ఒరగడం, అంతే. తర్వాత వరసగా మూడేళ్ళు, 2022, 2023, 2024, ప్రపంచ చాంపియన్. ఆ మూడేళ్ళూ రష్యావాళ్ళని పోటీలకి రానివ్వలేదు, ఆ మాట కూడా చెప్పాలి. లేకపోతే లెక్క ఒకవైపే చెప్పినట్టవుతుంది. ఆ బీజింగ్ పోటీల్లోనే వాలియెవా అనే పదిహేనేళ్ళ పిల్ల మీద డోపింగ్ గొడవ. చిన్నపిల్లల ఒళ్ళు తేలిక, తిరగడం సులువు. అందుకని పసిపిల్లల్ని తోమేస్తున్నారని అందరూ మొత్తుకున్నాక, పెద్దల పోటీకి కనీస వయసు పదిహేను నుంచి పదిహేడుకి పెంచారు. మంచి పని. ఇంకా ముందే చెయ్యాల్సింది.

ఒక మాట మాత్రం ఖాయంగా చెప్తాను. జంపులు బాగా పడ్డవాడికి కళ మార్కులు కూడా పెరుగుతాయి. జంపులు పోతే అవీ పోతాయి. అడుగులు అవే, పాట అదే, భంగిమలు అవే అయినా సరే. ఎందుకంటే జడ్జి కూడా మనిషే. ఒక అద్భుతం చూశాక మిగతావన్నీ అద్భుతంలాగే కనిపిస్తాయి. మనం షీటు మీద గళ్ళు ఎన్నయినా గియ్యొచ్చు, పెన్ను పట్టుకున్న చెయ్యి ఒకటే.

ఇంటికెళ్ళి ఫోన్లో చూస్తారు కదా, ఒక పద్ధతి చెప్తాను. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి జంపులు చూడకండి, జంపు వస్తోందనగానే కళ్ళు మూసుకోండి, దిగాక తెరవండి. మిగిలిందాంట్లో ఏమైనా ఉంటే ఆ స్కేటరుని గుర్తుపెట్టుకోండి. జేసన్ బ్రౌన్ అని అమెరికా వాడున్నాడు, బీజింగ్‌లో ఒక్క క్వాడ్ కూడా లేకుండా ఆరో స్థానం తెచ్చుకున్నాడు. ముందు ఆయనతో మొదలెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. చీటీలు పంపినా సరే.

మొదటి చీటీ. "అయితే మన మార్కుల షీటు కూడా మార్చాలంటారా?" షీటు మార్చక్కర్లేదండి. వాచికానికీ ఆంగికానికీ వేరువేరు గళ్ళు ఉండనివ్వండి. కానీ న్యాయనిర్ణేతలు తాము వేసిన అంకెకి పక్కన ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాలి, ఆ వాక్యం నటుడికి ఇవ్వాలి. "సీతలాగా లేదు" అని రాసి కింద పేరు పెట్టడానికి ఎవరికి ధైర్యం ఉంటుందో చూద్దాం. కార్యదర్శి గారు తల ఊపుతున్నారు, అవుననో కాదనో తెలియట్లేదు.

రెండోది, ఇక్కడ అమ్మగారు ఎవరో అడుగుతున్నారు. వాళ్ళ పాప రోడ్డు మీద రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది, కూచిపూడి క్లాసు కూడా ఉంది, రెండూ కుదరట్లేదు, ఏది మానిపించాలి అని. రెండూ ఉంచండమ్మా, ఇంకేదైనా ట్యూషన్ ఉంటే అది మానిపించండి. చక్రాల మీద కూడా ఇదే ఆట ఉంది, ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో కంచు పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు వచ్చింది. పాప ఏ పాటకి స్కేటింగ్ చేస్తుందో ఆ పాట ముందు ఇంట్లో, స్కేట్లు లేకుండా, ఉత్త కాళ్ళతో చేయించండి. చెయ్యి ఎప్పుడు లేస్తుంది, చూపు ఎటు పోతుంది అన్నీ అక్కడే తేల్చుకోవాలి. తర్వాత చక్రాలు. ఇంకో మాట, మోకాళ్ళకీ మోచేతులకీ ప్యాడ్లు, తలకి హెల్మెట్ లేకుండా పంపకండి. మన రోడ్ల సంగతి మీకు తెలుసు.